ధనుర్మాసం రాకముందే ఒక్క ఆదివారం: దిండి దగ్గర గాలాలేద్దాం, వస్తారా?

ఏటిగట్టు
2024 నవంబరు 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం అండి. ఇన్నాళ్ళుగా ఈ వేదికలో ఎరల గురించీ, గాలం దారానికి కట్టే బెండ్ల గురించీ రాసుకుంటున్నాం గానీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసింది లేదు. మాది కోనసీమలో రాజోలు పక్కన. దిండి రేవుకి దగ్గర్లోనే మా పెదనాన్నగారి కొబ్బరితోటలో పాత పెంకుటిల్లు ఖాళీగా ఉంది. నవారు మంచాలు ఆరు, చాపలు కావలసినన్ని. శనివారం పొద్దున్న వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోవచ్చు. మొదటిరోజు పంటకాలువ మీద, రెండోరోజు పడవేసుకుని వశిష్ఠ గోదావరిలో. డిసెంబరు 7, 8 అనుకుంటున్నాను. పడవకీ సరుకులకీ అయ్యింది తలా ఇంతని పంచుకుందాం. పోటీలు గట్రా ఏం లేవు. ఎవరికెన్ని పడ్డాయన్న లెక్క కూడా వద్దు. పది మంది దాటితే మాత్రం పడవ చాలదు.

గొట్టంకాజా
2024 నవంబరు 18, రాత్రి 9:52

కార్తీక సోమవారం పూట చేపల కబురా గురువుగారూ! మా అమ్మ చూసిందంటే ఫోను తీసుకెళ్ళి తులసికోట ముందు పెట్టి కడిగేస్తుంది.

నేను వస్తా.

చింతపులుసు
2024 నవంబరు 19, ఉదయం 6:15

7వ తారీకు సుబ్బారాయుడి షష్ఠి అండి. మా వైపు ఆ రోజు ఎవరూ చేప మాటెత్తరు. తరవాత వారం, 14, 15 పెట్టండి. 16 నుంచి ధనుర్మాసం, మా అత్తగారు ముగ్గులూ పొంగలీ మొదలుపెడితే మళ్ళీ సంక్రాంతి దాకా మా పొయ్యి మీద పులుసు ఉడకదు. ఉన్నది ఆ ఒక్క వారమే.

నాతో మా అబ్బాయి వస్తాడు, ఐదో తరగతి. ఆడవాళ్ళు రావచ్చా అని నేను అడగట్లేదు. బాత్రూముకి గడియ ఉందా లేదా అది చెప్పండి.

ఏటిగట్టు
2024 నవంబరు 19, ఉదయం 7:30

గడియ ఉందండి. లేకపోతే ఇవాళే పెట్టిస్తాను. 14, 15 ఖాయం.

పోటూపాటూ
2024 నవంబరు 19, మధ్యాహ్నం 1:05

14, 15 అంటే పున్నమి. పోటు పెద్దది. తెలీనివాళ్ళ కోసం చెబుతున్నా. పోటు అంటే సముద్రం నీళ్ళు ఏట్లోకి ఎక్కడం, పాటు అంటే దిగిపోవడం. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళొచ్చిన వేళకి రేపు రాదు, ముప్పావుగంట పైనే వెనకబడుతుంది. అమావాస్యకీ పున్నమికీ నీళ్ళు బాగా ఎక్కుతాయి, బాగా లాగేస్తాయి. అష్టమి దగ్గర ఎక్కేదీ తక్కువే, దిగేదీ తక్కువే. పండుగప్ప పోటుతో లోపలికొచ్చి గట్టు వారన రొయ్యపిల్లల్ని వేటాడుద్ది, ఆ గంటా రెండు గంటలే మనవి. నీళ్ళు నిలబడిపోతే ఇక బెండు కదలదు, టీ తాగి పడుకోవచ్చు.

పున్నమినాడు తెల్లారేసరికి పోటు ఎక్కుతూ ఉంటది కాబట్టి మనకి మంచిదే. జాగ్రత్తంతా పాటులోనే. వరద తీశాక వశిష్ఠలో కొత్త మేటలు, అంటే ఇసక దిబ్బలు, లేస్తాయి. నిరుడు పడవెళ్ళిన దారి ఈ ఏడు ఉండదు.

మాది అంతర్వేది పల్లిపాలెం. మా నాన్న, నేను సముద్రం మీదకే వెళ్తాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బందు కదా, ఆ రెండు నెలలూ నాకూ గాలమే దిక్కు. అలా అలవాటైంది. వస్తాను.

బెండు మునిగింది
2024 నవంబరు 20, రాత్రి 11:48

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. పేరు చూసి ఏదో అనుకోకండి, ఇంతవరకు నాకు ఒక్క బెండూ మునగలేదు. గాలం చేత్తో పట్టుకున్నదే లేదు. మాది అనంతపురం జిల్లా, ఉండేది మియాపూర్‌లో, కంప్యూటర్ ఉద్యోగం. మా పెన్నలో మేము క్రికెట్ ఆడుకున్నాం, అంత నీళ్ళుండేవి. గోదావరిని రైల్లోంచి రెండుసార్లు చూశాను, రెండుసార్లూ నిద్రమత్తులోనే.

నాలాంటివాడు రావచ్చా? ఇంకో ప్రశ్న, పులస పడుతుందా?

గొట్టంకాజా
2024 నవంబరు 20, రాత్రి 11:55

పులసంట! డిసెంబర్లో! ఎవరన్నా చెప్పండయ్యా అన్నకి.

పోటూపాటూ
2024 నవంబరు 21, ఉదయం 5:20

నవ్వక్కర్లేదు, అడిగితే తప్పేముంది. పులస వరదల్లో వస్తది, జూలై నుంచి సెప్టెంబరు లోపల. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని విలస అంటాం. ఎర్రనీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాక పులస. అయినా అది గాలానికి నోరు పెట్టే చేప కాదన్నా, నీళ్ళలో కంటికి కనపడని నాచూ నలకా వడగట్టుకు తింటది. వల వేయాల్సిందే. నువ్వు రా, ఇంగిలాయి చేప పడినా సంతోషమే.

నిడదవోలు జంక్షన్
2024 నవంబరు 21, ఉదయం 9:10

హైదరాబాదు నుంచి వచ్చే అబ్బాయికి. నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. పాలకొల్లులో దిగితే ఆటోలో చించినాడ వంతెన దాటి దిండి రావచ్చు, అదే దగ్గర. కానీ మొదటిసారి కాబట్టి చివరిదాకా వచ్చి నర్సాపురంలో దిగండి. రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి దాటండి. ఏటిని నిద్రమత్తులో చూడడం అవ్వదు.

నేనూ వస్తున్నాను. పెన్షనరుని.

మెగావాట్
2024 నవంబరు 24, సాయంత్రం 4:33

గాలాలతో ఏం పడతారు బ్రదర్స్. ఇన్వర్టరు బ్యాటరీ, రెండు వైర్లు తెచ్చుకుంటే అరగంటలో గంప నిండుద్ది.

ఏటిగట్టు
2024 నవంబరు 24, సాయంత్రం 4:50

మీరు రావద్దండి. మర్యాదగానే చెబుతున్నాను. మా నాన్నగారు కాలువ లాకు తలుపులు చూసుకునే లష్కరుగా చేసి రిటైరయ్యారు. ఇలా కరెంటు పెట్టి కాలువలో పడ్డ మనిషిని ఆయనే పైకి లాగారు. చేపపిల్లలూ గుడ్లూ కూడా చచ్చిపోతాయి, ఇక ఆ మలుపులో చాన్నాళ్ళు ఏమీ ఉండదు.

గొట్టంకాజా
2024 నవంబరు 27, రాత్రి 8:14

ఆన్‌లైన్లో రాడ్డూ రీలూ ఆర్డర్ పెట్టా. కార్బన్ ఫైబరు. నాలుగువేల రెండొందలు. దానికి ఏం ఎర పెట్టాలి?

ఏటిగట్టు
2024 నవంబరు 27, రాత్రి 8:40

రాడ్డు నాలుగువేలైనా నాలుగు రూపాయలైనా కింద ఉండేది ఎర్రే కదండీ. తోటలో పెంటపోగు కింద తవ్వితే కావలసినన్ని ఎర్రలు. శీలావతికీ బొచ్చెకీ తవుడూ తెలకపిండీ కలిపి ముద్ద చేసుకోవచ్చు, కాస్త బెల్లం కూడా వేసుకోవచ్చు. పండుగప్పకి బతికున్న రొయ్యే కావాలి, అది నేను చూస్తాను. కర్ర తెచ్చుకోనివాళ్ళకి వెదురుకర్రలు కొట్టి ఆరబెట్టాను. బెండ్లు జీలుగువి.

ఒక్క మాట. పక్కనే రొయ్యల చెరువులున్నాయి, గట్టెక్కి వాటిలో గాలం వేయకండి. అవి ఒకళ్ళ అప్పు మీద నడుస్తున్న బతుకులు. మురుగుకాలువలో పట్టినదీ తినద్దు, చెరువుల మందునీళ్ళన్నీ దాన్లోకే వస్తాయి.

చింతపులుసు
2024 డిసెంబరు 2, సాయంత్రం 7:25

పోలిస్వర్గం దీపాలు ఇవాళ తెల్లారుజామున వదిలేశాం. ఇక చేపల గురించి నిర్భయంగా మాట్లాడొచ్చు.

పడవలో లైఫ్ జాకెట్లు ఉన్నాయా?

ఏటిగట్టు
2024 డిసెంబరు 2, సాయంత్రం 7:40

మా వైపు నాటుపడవల్లో ఎవరూ వేసుకోరండి. అందరికీ ఈత వచ్చు.

చింతపులుసు
2024 డిసెంబరు 2, సాయంత్రం 7:44

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో ఈత వచ్చినవాళ్ళు లేరా ఏంటి? జాకెట్టు లేకపోతే మా వాడు ఎక్కడు. నేనూ ఎక్కను. నేను ఎక్కకపోతే పులుసూ ఎక్కదు.

ఏటిగట్టు
2024 డిసెంబరు 2, సాయంత్రం 8:30

పదీ అద్దెకి మాట్లాడానండి.

బెండు మునిగింది
2024 డిసెంబరు 15, రాత్రి 9:58

బస్సులోంచి రాస్తున్నా. రైలు పోయింది. చెయ్యి ఇంకా కొంచెం సలుపుతోంది. చొక్కాకి పులుసు మరక. ఇల్లు చేరాక అంతా రాస్తా.

గొట్టంకాజా
2024 డిసెంబరు 15, రాత్రి 10:02

అన్నా చెయ్యి కాదు, పరువు సంగతి చూసుకో. జెల్ల చేపని చేత్తో పట్టుకున్న మొదటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరువి.

ఏటిగట్టు
2024 డిసెంబరు 16, ఉదయం 6:05

ముందుగా నా తప్పు నేనే చెప్పుకుంటానండి. పడవ మేటెక్కడానికి కారణం నేను. పోటూపాటూ తమ్ముడు పదకొండింటికే అన్నాడు, నీళ్ళు తీసేస్తున్నాయి, వెనక్కి తిప్పుదాం అని. అప్పటికి నాకు ఒక పండుగప్ప పడింది. రెండోది గట్టిగా లాగి వదిలేసింది. ఇంకొక్కసారి చూద్దాం అన్నాను. అలా మూడుసార్లు అన్నాను. లెక్క వద్దని పోస్టు పెట్టినవాణ్ణి నేనే, ఆశపడ్డవాణ్ణీ నేనే. ఎవరూ ఒక్కమాట అనలేదు, అదే ఎక్కువ సిగ్గుగా ఉంది. హైదరాబాదు తమ్ముడి రైలు టిక్కెట్టు డబ్బులు నేనిస్తాను.

పోటూపాటూ
2024 డిసెంబరు 16, ఉదయం 6:30

వదిలెయ్యండి అన్నయ్యగారూ. ఆ రెండోది నాకు పట్టుంటే నేనూ తిప్పేవాణ్ణి కాదు.

బెండు మునిగింది
2024 డిసెంబరు 16, రాత్రి 10:20

టిక్కెట్టు డబ్బులు వద్దన్నా. అంతా రాస్తానన్నాను కదా, ఇదిగో.

శనివారం పంటు మీద నిలబడినప్పుడు నాకు భయమేసింది, నీళ్ళని చూసి కాదు. తెలీని పది మంది మధ్య రెండు రోజులు ఏం మాట్లాడతాను అని. నాకు ఆఫీసులో కూడా మధ్యాహ్నం ఒక్కణ్ణే తినడం అలవాటు. తోట దగ్గరికి వెళ్ళేసరికి ఎవరూ పేర్లూ ఉద్యోగాలూ అడగలేదు. అబ్బాయొకడు వచ్చి నా చేతిలో తుప్పు పట్టిన డబ్బా పెట్టి, మూత తియ్యకండి పాకిపోతాయి అన్నాడు. నిండా ఎర్రలు. అదే నాకు జరిగిన పరిచయం.

కాలువ గట్టు మీద నిడదవోలు మాస్టారు నా పక్కన కూర్చున్నారు. (మాస్టారు కాదు, రైల్వే గార్డు. కానీ మాకందరికీ మాస్టారే అయిపోయారు.) నేను కట్టిన గాలం ముడి చూసి ఏమీ అనకుండా విప్పేసి, దారం కొస రెండుసార్లు మెలేసి మళ్ళీ కట్టిచ్చారు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. నాలుగోసారి నేను కట్టింది చూసి, గుంజి, వదిలేశారు. రెండున్నర గంటల్లో మా మధ్య నడిచిన సంభాషణ అది. నాకు ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. మాట్లాడకపోతే అవతలివాళ్ళు ఏమనుకుంటారో అన్న బెంగ అక్కడ లేదు. ఇద్దరం రెండు బెండ్ల వైపు చూస్తున్నాం, అంతే.

బెండు మునిగింది. నిజంగా మునిగింది! లాగాను. గట్టు మీద పడి కొట్టుకుంటున్న దాన్ని అందరూ ఆగమని అరుస్తున్నా వినకుండా గుప్పిట్లో పట్టుకున్నాను. జెల్లకి వీపు మీద ఒకటి, పక్కలకి రెండు ముళ్ళుంటాయని అప్పుడు తెలిసింది. మోచేతిదాకా నిప్పు పెట్టినట్టుండింది. చింతపులుసు అక్క పొయ్యి మీద నీళ్ళు కాచి, తన చెయ్యి ముందు పెట్టి చూసుకుని, ఓర్చుకోగలిగినంత వేడిలో నా చెయ్యి అరగంట పైన ముంచి ఉంచింది. మంటకి మంట మందేమిటని అడిగాను. ఆ విషం వేడికి విరుగుతుంది, నోరుమూసుకుని ఉంచు అంది. విరిగింది.

రాత్రి లెక్క చూస్తే ఇంగిలాయిలు పదకొండు, జెల్లలు రెండు, మట్టగిడస ఒకటి. పది మందికి చాలవు. పోటూపాటూ నవ్వి, సంచిలోంచి పల్లిపాలెంలో కొన్న పండుగప్ప తీశాడు. మన మీద నమ్మకం లేక పొద్దున్నే తెచ్చుకున్నాడంట.

ఆదివారం సంగతి. మేట మీద పడవ నాలుగు గంటలు కదల్లేదు. చుట్టూ మడమ లోతు నీళ్ళు, తరవాత అవి కూడా లేవు, తడి ఇసక. ఎవరికీ సిగ్నల్ లేదు. అక్క రాత్రి మిగిలిన పులుసూ, పాలకొల్లు నుంచి తెచ్చిన దిబ్బరొట్టే తీసింది. చద్ది పులుసు అంటే ఏమిటో నాకు గోదావరి మధ్యలో ఇసక మీద కూర్చున్నప్పుడు అర్థమైంది. అప్పుడు మాటలు మొదలయ్యాయి. పండుగప్పలు చిన్నప్పుడు మగవనీ, పెద్దయ్యాక ఆడవి అవుతాయనీ అక్క చెప్తే కాజా నమ్మలేదు, పోటూపాటూ అవునన్నాడు. మాస్టారు తన భార్య పోయి ఏడాదిన్నర అయిందనీ, ఆదివారాలు ఏం చెయ్యాలో తెలీక ఈ వేదికలో పాత పోస్టులు చదువుకుంటుంటారనీ చెప్పారు. ఇసక మీద వేలితో గీతలు గీస్తూ చెప్పారు, ఎవరి మొహం చూడకుండా. మేమూ చూడలేదు. కాసేపటికి పిల్లాడు వచ్చి ఆ గీతల్ని రైలుపట్టాలు చేసేశాడు.

నా రైలు టైము గుర్తొచ్చి, మాస్టారూ ఒక్క పది నిమిషాలు ఆపించలేరా అన్నా. ముప్ఫయ్యేళ్ళు టైముకి కదిలించిన చెయ్యి ఇది, నీ కోసం ఆపమంటే ఎలా అన్నారు.

నీళ్ళు తిరిగి వస్తున్నప్పుడు చప్పుడు రాలేదు. పడవ ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. చీకటి పడేసరికి గట్టెక్కాం. పాలకొల్లులో అక్కా వాళ్ళింట్లో అన్నం తిని బస్సెక్కాను. వాళ్ళ అత్తగారు ధనుర్మాసం రేపటి నుంచే కదా, ఇవాళ్టికి వేసుకో అని ఇంకో ముక్క వేశారు.

గొట్టంకాజా
2024 డిసెంబరు 16, రాత్రి 10:41

నా సక్కరు చేప సంగతి రాయకుండా వదిలేసినందుకు థ్యాంక్స్ అన్నా.

చింతపులుసు
2024 డిసెంబరు 16, రాత్రి 10:50

నేను రాస్తానుగా! నాలుగువేల రెండొందల రాడ్డుకి పడిన ఒకే ఒక్క ప్రాణి. అదీ నోటికి కాదు, పొట్టకి గుచ్చుకుని వచ్చింది. ఒళ్ళంతా గరుకు పెంకు, మచ్చలు. అక్వేరియాల్లో అద్దం నాకుతుంటుందే, అది. ఎవరో పెంచుకోలేక కాలువలో వదిలేసి ఉంటారు, ఇప్పుడు వలలు చింపేస్తోందని పల్లెకారులు ఏడుస్తున్నారు. పాపం కదా వదిలేద్దాం అన్నాడు కాజా. వదలకూడదు, మన చేపల తిండి అదే తినేస్తుంది అని కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టించాం. మా వాడు దాని మీద పుల్ల గుచ్చి "కాజా గారి చేప" అని కాయితం కట్టాడు.

ఏటిగట్టు
2024 డిసెంబరు 17, ఉదయం 6:12

ఆ కాయితం ఇంకా ఉందండి. పులుసు గురించి మాత్రం నాకు ఒక అభ్యంతరం. ఉల్లిపాయ ముద్ద కాస్త ఎక్కువైంది. మా అమ్మ అయితే ముక్కలు కోసి వేసేది, బెండకాయలు రెండు పడేసేది.

చింతపులుసు
2024 డిసెంబరు 17, ఉదయం 6:20

బెండకాయ పులసకి వేస్తారు, పండుగప్పకి కాదు. మూడోసారి వడ్డించుకున్నప్పుడు ఈ అభ్యంతరం ఏమైందో! గరిటె పెట్టి కలపబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, గుర్తుందా? చట్టి అంచులు పట్టుకుని తిప్పాలి గానీ ముక్కల్ని కెలకకూడదు. ముందు అది నేర్చుకోండి, బెండకాయల దాకా తరవాత వద్దాం.

నిడదవోలు జంక్షన్
2024 డిసెంబరు 19, ఉదయం 4:55

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ ఎప్పుడు?

బెండు మునిగింది
2024 డిసెంబరు 19, ఉదయం 8:30

ఫిబ్రవరి 8, 9 శని ఆదివారాలు నాకు కుదురుతుంది మాస్టారూ. ముడి మర్చిపోలేదు, ఇంట్లో కర్టెన్ తాడుకి రోజూ కడుతున్నా.

పోటూపాటూ
2024 డిసెంబరు 19, మధ్యాహ్నం 12:40

8 భీష్మ ఏకాదశి అన్నా. అంతర్వేది రథం ఆ రోజే. పంటు మీద కాలు పెట్టే చోటుండదు, మా ఊళ్ళో ఎవరూ వేటకెళ్ళరు. గాలాలు ఇంటి దగ్గర వదిలేసి అందరూ మా ఇంటికి వచ్చెయ్యండి. తీర్థం, అదే జాతర, చూద్దాం. అమ్మకి చెప్పేశాను, పది మంది అని. చేపలకి ఆ తరవాత ఏదో అష్టమి దగ్గర ఆదివారం చూద్దాం, అప్పుడు నీళ్ళు ఇంతలా లాగవు.

చింతపులుసు
2024 డిసెంబరు 19, మధ్యాహ్నం 1:15

వస్తాం. ఈలోగా నా స్టీలు క్యారేజీ మూడో గిన్నె మూత ఎవరి సంచిలో ఉందో చూసి చెప్పండి.

నిడదవోలు జంక్షన్
2024 డిసెంబరు 19, మధ్యాహ్నం 1:18

నా దగ్గరుంది.